లూపే అవునంది

"ఇంకోసారి అడుగు," అంది ఎసెటా. "నిన్నట్నించీ అడుగుతూనే ఉన్నాం. ఇప్పుడు నువ్వడిగితే కొత్తగా ఏం చెబుతుందో నేనూ వింటాను."

ఫెటూ అడగలేదు. కూతురికి ఎదురుగా చాప మీద కూర్చుని ఆ మొహంలోకి చూస్తోంది. తొమ్మిదేళ్ళ లూపే బాసింపట్టు వేసుకుని, తల దించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎంతో బుద్ధిగా కూర్చుంది. నిన్నటి గౌను బయట తీగ మీద ఇంకా ఆరుతోంది.

మా దీవుల్లో ఇళ్ళకి గోడలుండవు. స్తంభాల మధ్యనించి లోపలున్నదంతా దారికి కనిపిస్తూనే ఉంటుంది. దారిన పోయేవాళ్ళు గౌనునీ చూస్తున్నారు, పిల్లనీ చూస్తున్నారు. చూసి, ఆగకుండా వెళ్ళిపోతున్నారు. రోజూ అయితే ఈపాటికి నలుగురు ఆగి, "రండి, కోకో తాగి పోండి" అనిపించుకునేవాళ్ళు.

"అడగవేం?" అంది ఎసెటా మళ్ళీ.

"ఎన్నిసార్లు అడుగుతాం వదినా? భయపడిపోయి ఉంది."

"భయపడ్డ పిల్ల ఇలా ఉంటుందా? ఏడ్చిందా? ఒక్క చుక్క రాల్చిందా? అక్కడ కవీకాగాడు కళ్ళు తెరవలేదు. ఇది పొద్దున్న టారో దుంప ముక్కలు మూడు తిని, ఇంకోటి పెట్టమంది."

లూపే నిజంగానే అడిగింది.

నిన్న మధ్యాహ్నం నల్లరాళ్ళ మడుగు దగ్గర ఫానూ పెద్దకి మనవడైన కవీకా, నాలుగేళ్ళవాడు, తల పగిలి గట్టు మీద పడి ఉన్నాడు. వాడి పక్కన లూపే ఉంది. ఇంకెవరూ లేరు. ఊరంతా పరుగెత్తుకొచ్చేసరికి పిల్లాడికి ఊపిరుంది గానీ తెలివి లేదు. ఫానూ పెద్ద, సభలో ఊరి తరఫున మాట్లాడే మనిషి, లూపే ముందు నిలబడి అడిగాడు: "నువ్వు తోశావా?" లూపే తల దించుకుని, "అవును," అంది. పాస్టరుగారు విన్నారు. ఊళ్ళో సగంమంది విన్నారు. సాయంత్రం ఓడలో పిల్లాణ్ణి అపియా పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ఆ ఒక్క మాటతో ఈ ఇల్లు తలెత్తుకోలేకుండా పోయింది.

"రేపు తెల్లారకముందే నాన్న ఫానూ ఇంటికి వెళ్ళాలి," అంది ఎసెటా. "సన్నచాప తీసి ఎండలో పెట్టాను. అమ్మ నేసిన పెద్దది. అంతకన్న చిన్నది కప్పుకెళితే వాళ్ళని ఇంకా అవమానించినట్టే."

స్తంభానికి ఆనుకుని కూర్చున్నది తాత, ఎసెటా తండ్రి. ఇంటి పెద్ద అన్న పట్టం ఆయనది, ఇఫోగాకి, అంటే క్షమాపణకి, వెళ్ళాల్సిందీ ఆయనే. సన్నచాప నెత్తిమీంచి కప్పుకుని, వాళ్ళ ఇంటి ముందు నేల మీద, వాళ్ళు బయటికొచ్చి చాప ఎత్తేదాకా కూర్చోవాలి. ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే కూర్చున్నవాళ్ళు అలా కూర్చోవాల్సిందే. తొడ మీద కొబ్బరి పీచు వేసి అరచేత్తో రుద్దుతూ తాడు పేనుతున్నాడు ముసలాయన. ఆయన చెయ్యి ఆడుతున్నంతసేపూ ఇంట్లో అందరికీ కాస్త ధైర్యం.

"ఇది కూడా తాతతో వెళ్ళి కూర్చోవాలి," అంది ఎసెటా, లూపేని చూపిస్తూ.

"పిల్లనా?" ఫెటూ గొంతు పైకి లేచింది. "అది చాప కింద కూర్చుంటే ఇక అది చేసినట్టే. పెళ్ళీడొచ్చినా, ముసలిదైనా, కవీకాని తోసిన పిల్ల అనే అంటారు."

"చేసినట్టే ఏంటి, చేసింది. దాని నోటితోనే చెప్పింది."

"పిల్లాడు కళ్ళు తెరిచేదాకా ఆగుదాం. వాడే చెబుతాడు కదా వదినా, ఏం జరిగిందో."

"ఈలోగా ఫానూ ఇంటి కుర్రాళ్ళు వచ్చి కప్పు తగలబెడితే? నిన్న రాత్రి రాళ్ళు పోగేస్తున్నారని నీకు తెలీదా? నువ్వు బయటినించి వచ్చినదానివి, కాలితే మీ పుట్టింటికి పోతావు. మేమెక్కడికి పోతాం?"

ఫెటూ భర్త వైపు చూసింది. సెఫో కొబ్బరి కోరే పీట ముందు కూర్చుని, ఎప్పుడో కోరేసిన చిప్పనే మళ్ళీ కోరుతున్నాడు. అక్క మాటకి తమ్ముడు ఎదురు చెప్పడం మా దీవుల్లో లేదు. అక్క నోరు తిరిగిపడి శపిస్తే వంశం నిలవదని పిల్లలకి కూడా తెలుసు. ఎసెటా నోరు మామూలుగానే తిరిగిపడి ఉంటుంది, కాబట్టి సెఫో ముప్పయ్యేళ్ళుగా చిప్పలు కోరుతూనే ఉన్నాడు.

"సరే, నేనే అడుగుతాను," అని ఎసెటా లూపే ముందు చతికిలపడింది. "ఏమే, ఎందుకు తోశావు?"

లూపే మాట్లాడలేదు.

"కోపమొచ్చిందా?"

"అవునత్తా."

"వాడేవన్నా అన్నాడా?"

"అవునత్తా."

"కావాలనే తోశావా?"

"అవునత్తా."

ప్రతిసారీ అదే గొంతు, మెత్తగా, మర్యాదగా. ఫెటూ పెదవి కొరుక్కుంది. ఎసెటా మొహం ఎర్రబడింది. ఆవిడకి ఏడుపు వచ్చేముందు ఎత్తిపొడుపు వస్తుంది.

"ఓహో. అన్నీ తమరే చేశారన్నమాట. అయితే పోయినేడు మీ నాన్నమ్మని చంపింది కూడా నువ్వేనా?"

"అవునత్తా," అంది లూపే.

తాత చెయ్యి ఆగిపోయింది.

కొబ్బరి కోరే చప్పుడూ ఆగింది. ఎసెటా నోరు తెరిచి, మూసి, పక్కనున్న ఈనెల చీపురు అందుకుంది. "చూశారా? వెటకారం. చచ్చిపోయినదాని మీద వెటకారం. ఇంత పిల్లకి ఇంత పొగరా?"

ఫెటూ మధ్యలోకి వచ్చింది. చీపురు దెబ్బ ఆమె భుజం మీద పడింది. ఆమె అది పట్టించుకోలేదు. కూతురి మొహం వైపే చూస్తోంది. ఆ మొహంలో పొగరు లేదు. అత్త ఎందుకు లేచిందో, చీపురు ఎందుకు వచ్చిందో ఆ కళ్ళకి అసలు అందలేదు.

ఫెటూ కూతురికి ఇంకా దగ్గరగా జరిగింది.

"లూపే," అంది నెమ్మదిగా. "నిన్న సాయంత్రం వచ్చిన ఓడ ఉంది చూడు, పెద్దది. దాన్ని నువ్వు మింగేశావా?"

"అవునమ్మా."

సెఫో ఫక్కున నవ్వాడు. ఎవరూ నవ్వలేదని తెలిసి ఆపేశాడు. నోరు మాత్రం అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఇదేం ఆటే?" అన్నాడు.

"ఆట కాదు. నువ్వడుగు."

"నేనా?"

"నువ్వే. ఏదో ఒకటి అడుగు. పిచ్చిది."

సెఫో గొంతు సవరించుకున్నాడు. "లూపే... నీకు... నీకు తోకుందా?"

"అవును నాన్నా."

అప్పుడు తాత పీచు పక్కన పెట్టి, స్తంభం పట్టుకుని, కూర్చున్నట్టే ముందుకి జరిగాడు. మనవరాలి గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తాడు. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకూడదని ఆ పిల్లకి నేర్పింది ఆయనే. లూపే రెప్పలు వాల్చేసింది.

"నీ పేరు మేరీ కదమ్మా?"

"అవును తాతా."

ఆయన వేలు తీశాడు. కాసేపు ఆ వేలిని తనే చూసుకున్నాడు.

మీరు మా ఊరొచ్చి ఏ ఇంట్లోనైనా సరే, బుద్ధిమంతురాలైన పిల్ల ఎవరని అడిగి ఉంటే లూపే పేరే చెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తదు. ఎందుకు, ఏమిటి అని ఎదురడగదు. ఏదడిగినా అవును, ఏం చెప్పినా అలాగే. "లూపేని చూసి నేర్చుకోండ్రా" అని తిట్టని తల్లి లేదు. చెప్పిన పని ఒకటైతే చేసే పని ఒకటి. గిన్నె తెమ్మంటే చెప్పులు తెచ్చేది. పరధ్యానం అనుకున్నారు. చర్చిలో కీర్తనలు అక్షరం పొల్లుపోకుండా పాడేది. బడిలో బోర్డు మీదున్నది ముత్యాల్లా దించేది. ఇంకేం కావాలి? పిల్ల మౌనంగా ఉంటే మేం మర్యాద అంటాం. ఆ మౌనం లోపల ఏముందని తొంగి చూసే అలవాటు మాకు లేదు. లేకపోగా, మెచ్చుకున్నాం.

కిందటి నెలలో బడికి న్యూజిలాండ్ నించి ఓ తెల్లావిడ వచ్చింది. పిల్లల మాట ఎలా ఉందో చూసే డాక్టరట. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి బొమ్మలు చూపించింది. లూపే దగ్గర చాలాసేపు ఉంది. ఆ తర్వాత టీచరమ్మ ఫెటూని పిలిచి చెప్పింది: "మీ అమ్మాయి త అనాల్సినచోట క అంటోందట. అది చూడాలంటున్నారు."

ఫెటూకి నవ్వాగలేదు. త అనాల్సినచోట క అనడం జబ్బయితే మా దీవి మొత్తాన్ని ఆసుపత్రిలో పడుకోబెట్టాలి. ఇంట్లో, పొలంలో, పడవలో అందరం క అనే అంటాం. త అనేది చర్చిలో, బడిలో, తెల్లవాళ్ళతో. పాస్టరుగారి నోట్లో తవీటా, మా అందరి నోట్లో కవీకా. ఆఖరికి ఎసెటాని కూడా ఎసెకా అనే పిలుస్తాం, ఆవిడకి వినబడనంత దూరంలో.

"ఇంకో మాట కూడా అన్నారమ్మా," అని టీచరమ్మ అనబోయింది. "ముఖ్యమైంది అదేనట..."

"చాల్లెండి టీచరమ్మా. ముందామెని మన మాట నేర్చుకోమనండి," అని ఫెటూ నవ్వుతూ లేచి వచ్చేసింది. వారం రోజులు ఊరంతా అదే నవ్వు. తెల్లావిడ రాసిచ్చిన కాగితంతో ఎసెటా పొయ్యి రాజేసింది.

ఆ రెండో మాట ఏమిటో ఫెటూకి ఇప్పుడు కావాలి.

"నేను టీచరమ్మ దగ్గరికి వెళ్ళొస్తా," అని లేచింది.

మెట్టు కూడా దిగలేదు, శంఖం ఊదారు. సాయంత్రం ప్రార్థన. ఆ శంఖం మోగాక దారి మీద మనిషి కనబడకూడదు. ఫెటూ వెనక్కి వచ్చి కూర్చుంది.

దెబ్బలాటైనా సరే, చావైనా సరే, ఆ కాసేపు నోరు మూసుకోవాల్సిందే. చీపురు ఇంకా ఎసెటా ఒళ్ళోనే ఉంది. తాత కీర్తన ఎత్తుకున్నాడు. అందరికన్న ముందు లూపే అందుకుంది, గొంతెత్తి, స్పష్టంగా, త ఉన్నచోటల్లా త అంటూ. ఫెటూ పాడలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆ పాట విని పొంగిపోయింది. ఇప్పుడు ప్రతి మాట దగ్గరా, ఇది తెలుసా దీనికి, ఇది తెలుసా, అని లోపల ఎవరో అడుగుతున్నట్టుంది.

ఆమెన్ అన్నాక ముందుగా మాట్లాడింది ఎసెటా. గొంతులో వాడి తగ్గింది.

"అయితే ఏంటంటావు? పిల్లకి బుర్ర లేదంటావా?"

"బుర్రుంది వదినా. పాపాయిలు ఏడిస్తే ఎత్తుకుంటుంది. సముద్రం ఆటుపోట్లు నాకన్నా బాగా కనిపెడుతుంది. మాటే... మనం అన్నది దాని దాకా పోవట్లేదు. టీచరమ్మ అనబోయిన ఇంకో మాట ఇదే అయ్యుంటుంది. ఏమన్నామో తెలీదు, మన మొహాలు చూసి అవునంటోంది. అవునంటే మనం సంతోషిస్తామని మాత్రం తెలుసు దానికి."

"పుట్టిన దగ్గర్నుంచీనా?"

"ఏమో."

"మరి తల్లివి, నీకు తెలీదా?"

ఫెటూ తల దించుకుంది. అచ్చం కూతురిలాగే.

"ఎవరికి తెలుసనీ," అన్నాడు తాత. "నేను సభలో దీని గురించి గొప్పగా చెప్పుకున్నాను. మా మనవరాలు నోరెత్తదూ అని." పక్కన పెట్టిన పీచు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "కానీ ఇప్పుడిదంతా ఫానూ ఇంటికెళ్ళి చెబితే ఏమంటారు? నిన్నటిదాకా ఊరికే ఆదర్శమన్న పిల్లని, తప్పించుకోడానికి ఇవాళ పిచ్చిదాన్ని చేశారంటారు."

"మరేం చెయ్యమంటారు మామయ్యా?"

"నలుగురి ముందు అన్న మాట. నలుగురి ముందే పోవాలి. నేను తీసెయ్యలేను, నువ్వు తీసెయ్యలేవు. దాని నోటితోనే అది అనాలి." సెఫో వైపు తిరిగాడు. "వెళ్ళి పాస్టరుగారితో చెప్పు. తెల్లవారుజామున ఇక్కడికి రమ్మను. ఫానూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు రమ్మను. పాస్టరుగారే అడుగుతారు. ఇది కాదంటే నేను చాప మడిచి పెట్టెలో పెడతాను, పిల్లాడు కళ్ళు తెరిచేదాకా ఆగుతాను. రాళ్ళు పడితే పడనీ. అవునంటే మాత్రం..."

బయటున్న చాప వైపూ మనవరాలి వైపూ చూశాడు. మిగతాది ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

సెఫో వెళ్ళాడు. ఎసెటా చాప దులపడానికి వెళ్ళింది. ఫెటూ కూతుర్ని వంటింటి పాకలోకి తీసుకెళ్ళి, చేతులు పట్టుకుని ఎదురుగా నిలబెట్టింది.

"నా తల్లి కదూ. కవీకా... మడుగు దగ్గర... ఏం జరిగింది?"

లూపే పెదవులు కదిలాయి. "కవీకా," అంది. "నీళ్ళు. పీత... అది... కవీకా..." అని ఆగింది. మాటల కోసం నేల మీద వెతుకుతున్నట్టు చూసింది. దొరకలేదు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు అప్పుడు చూసింది ఫెటూ, నిన్నట్నించీ మొదటిసారి.

"పోనీలే, చెప్పద్దు," అంది కంగారుగా. "చూపించు. ఇదిగో, ఇది రాయి." పొయ్యి పక్కన రాళ్ళ గుట్ట మీద చెయ్యి వేసింది. "నేను కవీకాని." తనే ఆ గుట్ట మీద కూర్చుంది.

లూపే తల్లిని చూసింది. కాదన్నట్టు తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. తనే గుట్ట ఎక్కి, వంగి, కింద ఏదో పట్టుకోబోయినట్టు చెయ్యి చాపి, ఒక్కసారి కాలు జారినట్టు పక్కకి పడింది. బూడిదలో పడింది. అక్కడితో ఆగలేదు. లేచి, గుట్టకి ఈ పక్కకి వచ్చి, ఇప్పుడు తను లూపే అయ్యి, నీళ్ళలోకి దూకింది, మోకాళ్ళ మీద. గాల్లో చేతులు పెట్టి బరువుగా ఏదో లాగింది. జారిపోయింది. మళ్ళీ లాగింది. పళ్ళు బిగించి, వెనక్కి వెనక్కి పాకుతూ, గట్టు దాకా లాక్కొచ్చి, పక్కన కూర్చుని, కనపడని పిల్లాడి మొహం మీది తడి తన గౌను అంచుతో తుడిచింది.

తీగ మీది గౌను నిన్న మెడ దాకా తడిసి ఉందని ఫెటూకి అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పిండి ఆరేసింది తనే.

"నువ్వు తియ్యకపోతే వాడు చచ్చిపోయేవాడు," అంది. పిల్లని వాటేసుకుని, బూడిదతో సహా, నేల మీద కూలబడిపోయింది.

సెఫో వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఫెటూ అంతా చెప్పింది. ఇంకోసారి చేసి చూపించమంది. లూపే చూపించింది. సెఫో మొహం తిప్పుకుని, పాక గుంజకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"రేపు పాస్టరుగారికి ఇదే చూపిద్దాం," అంది ఫెటూ.

"ఏం చూపిస్తావ్? మూగనాటకమా? ఫానూ తమ్ముడు నవ్వుతాడు. అమ్మ రాత్రంతా కూర్చోబెట్టి ఆట నేర్పిందంటాడు."

"కళ్ళతో చూస్తే నమ్మరా?"

"ఈ ఊళ్ళో ఎవరు నమ్ముతారే? ఇక్కడంతా మాట మీదే కదా. వాళ్ళక్కావలసింది ఒక్క మాట. కాదు అన్న మాట. అది నేర్పు. అన్నాక, మెల్లిగా ఈ ఆట కూడా చూపిద్దాం."

ఉన్నది ఒక్క రాత్రి, వాదించే ఓపికా లేదు. ఫెటూకి కూడా ఆ ఒక్క మాట చేతికందేంత దగ్గర్లో కనిపించింది.

"లూపే, నా వైపు చూడు. రేపు పాస్టరుగారు అడుగుతారు. అడిగితే కాదు అనాలి."

"అవునమ్మా."

"అవును కాదు. కాదు. కాదు అను."

"కాదు అను," అంది లూపే.

మొదట్నించీ మొదలెట్టారు. తల అడ్డంగా ఊపి చూపించింది. చేతికి అరటిపండు ముక్క ఇచ్చింది. సెఫో పాస్టరుగారి గొంతు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని అడిగాడు. మెల్లిగా వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు.

"నువ్వు కవీకాని తోశావా?"

"కాదు."

"ఓడ మింగావా?"

"కాదు."

సెఫో చప్పట్లు కొట్టాడు. లూపే మొహం విప్పారింది. ఏ పాఠానికీ దానికి ఎవరూ ఇలా చప్పట్లు కొట్టి ఉండరు. ఫెటూ ఉత్సాహంగా, "నీ పేరు లూపేనా?" అంది.

"కాదు."

ఫెటూ భర్త మొహం చూసింది. అతనూ విన్నాడు.

"ఒక్క ప్రశ్నే కదా," అన్నాడు సెఫో. "ఆ ఒక్కటీ దాటితే చాలు."

పడుకోబెట్టాక కూడా దోమతెర లోపల్నించి ఆ పిల్ల తనలో తనే, "కాదు, కాదు," అనుకోవడం వినిపించింది. మర్చిపోతానేమోనని కాబోలు.

తూర్పు బూడిదరంగు తేలుతుండగా పాస్టరుగారు వచ్చారు. వెనకాల ఫానూ తమ్ముడు, లోపలికి రాకుండా స్తంభం దగ్గరే నిలబడ్డాడు. ఎసెటా సన్నచాప మడతలు విప్పి తాత పక్కన పెట్టింది. గుడ్డకన్న మెత్తగా ఉంటుంది ఆ చాప.

"పిల్లాడి కబురేమన్నా తెలిసిందా?" అన్నాడు తాత.

"అలాగే ఉన్నాడట," అన్నారు పాస్టరుగారు. ఆయన మంచివారు. లూపే చర్చిలో పాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. మొన్న ఆ పిల్ల అవునన్న దగ్గర్నించీ ఆయనకీ అన్నం సయించడం లేదని వాళ్ళావిడ చెప్పింది. ఇప్పుడు లూపే ఎదురుగా కూర్చుని, ఎంతో మెత్తగా, పల్పిట్ మీద మాట్లాడే మంచి మాటల్లో మొదలుపెట్టారు.

"భయపడకమ్మా. దేవుడికి నిజం తెలుసు. నీలాంటి బిడ్డ అంత పని చెయ్యదని నా మనసు చెబుతోంది."

లూపే తల దించుకుని వింటోంది. ఫెటూ కూతురి నోటి వైపే చూస్తోంది.

పాస్టరుగారు ఆ పిల్లకి పని తేలిక చేద్దామనే అనుకున్నారు. ఒట్టేసి చెబుతాను, దయతోనే అడిగారు.

"తవీటాని నువ్వు తొయ్యలేదు. అంతే కదా తల్లీ?"

ఫెటూ ఆ ప్రశ్న విన్నది. అది ఎటు తిరిగిందో, వాళ్ళు నేర్పిన మాట ఎటు పోయి పడబోతోందో అర్థమై నోరు తెరిచింది.

"కాదు," అంది లూపే.

గట్టిగా, స్పష్టంగా అంది. తల కూడా అడ్డంగా ఊపింది, నేర్పినట్టే.

పాస్టరుగారి మొహంలో రక్తం లేదు. "కాదా? తొయ్యలేదన్నది... కాదా?"

"కాదు."

అని, లూపే తల్లి వైపు తిరిగి నవ్వింది. సరిగ్గా చెప్పాను కదా అన్నట్టు, అరటిపండు ముక్క కోసం చెయ్యి కొద్దిగా చాపి.

స్తంభం దగ్గర ఫానూ తమ్ముడు నేల మీద ఉమ్మేశాడు. "విన్నారుగా పాస్టరుగారూ. ఇక నేను పోతున్నా. మావాళ్ళని లేపి కూర్చోబెడతా," అని దిగి వెళ్ళిపోయాడు.

"ఆగండి," ఫెటూ లేచింది. "అలా కాదు అడగాల్సింది. దానికి ఆ మాట మేమే నేర్పాం. అది పిల్లాణ్ణి నీళ్ళలోంచి తీసింది. అది మాటల్లో చెప్పలేదు గానీ చూపించగలదు. పాస్టరుగారూ, ఒక్కసారి చూడండి. లూపే, చూపించమ్మా, రాళ్ళు..."

"నేర్పారా?" అన్నారు పాస్టరుగారు. ఆ ఒక్క మాటే ఆయన చెవికి ఎక్కింది.

సెఫో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఎసెటా మరదల్ని కూర్చోమనలేదు. చాప అంచు పట్టుకున్నది పట్టుకున్నట్టే లూపే చాపిన చేతినే చూస్తోంది.

తాత లేచాడు. చాప భుజం మీదికి తీసుకున్నాడు. వెళ్ళాలా వద్దా అని ఇక ఎవర్నీ అడగలేదు. మనవరాలి వైపు చెయ్యి చాపాడు.

"రామ్మా."

"మామయ్యా, దాన్ని వద్దు," అంది ఫెటూ. ముసలాయన ఆగలేదు. ఫెటూ కూతురి ముందు మోకాళ్ళ మీద పడి, ఆ చిన్న మొహాన్ని చేతుల్లోకి తీసుకుంది. "వెళ్ళకు తల్లీ. తాతతో వెళ్ళకు. ఇక్కడే ఉండు. విన్నావా? వెళ్ళకు."

"అలాగేనమ్మా," అంది లూపే.

తల్లి చేతుల్లోంచి మర్యాదగా తప్పించుకుని, పెద్దవాళ్ళ ముందునించి నడిచేటప్పుడు వంగాల్సినట్టే వంగి, వెళ్ళి తాత చెయ్యి పట్టుకుంది.